అత్తమ్మ అనని మాట

అత్తమ్మ పోయిన సంగతి నాకు మనుషులెవరూ చెప్పలేదు. ఫ్లెక్సీ చెప్పింది. పోర్చుగల్‌లోని పోర్తో నగరంలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, యూనివర్సిటీ క్యాంటీన్‌లో సూప్ గిన్నె ముందు పెట్టుకుని ఫోన్ చూస్తున్నాను. మా పెద్దబాపు కొడుకు వాట్సాప్ స్టేటస్‌లో మా చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ, దాని మీద మా మేనత్త ఫొటో కనిపించాయి. ఫొటోకు దండ ఉంది. కింద "శాంతమూర్తి, మితభాషి, మా ఇంటి దీపం" అని రాసి, పెద్దకర్మకు అందరూ రావాలని కోరారు. నేను ఇంకోసారి చదివేలోపే ఆ స్టేటస్ మాయమైంది. నాకు కనిపించకూడదన్న సంగతి అన్నకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

నేను కరీంనగర్‌లో ఫుడ్ టెక్నాలజీ డిగ్రీ చదువుతున్నాను. మా కాలేజీకి, ఆ యూనివర్సిటీకి ఉన్న ఒప్పందం కింద ఒక సెమిస్టర్ అక్కడ చదివే అవకాశం వచ్చింది. వర్షాకాలం చివర్లో వెళ్ళి చలికాలం చివర్లో వచ్చాను. అంతలోనే మా ఇంట్లో ఒక మనిషి మంచాన పడి, దవాఖానకు పోయి, తిరిగి రాలేదు. బూడిదను మంథని దగ్గర గోదావరిలో కలిపారు. చుట్టాలు వచ్చారు, తిన్నారు, పోయారు. ఆ రోజుల్లో కూడా మావాళ్ళు నాకు ఫోన్ చేసి "తిన్నవా బిడ్డా" అని అడిగారు. తిన్నానని చెప్పాను. అక్కడేం కూర అని నవ్వుతూ అడిగాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ముందు ఆ ఫ్లెక్సీ సంగతి తేల్చాలి. మా అత్తమ్మ శాంతమూర్తి కాదు. మితభాషి అసలే కాదు. మంథని బస్టాండ్ బయట బండి మీద మిర్చీలు, సర్వపిండి చేసి అమ్మేది. పెద్దపల్లి బస్సులు స్టేజీ దాటి ముందుకు పోయి ఆగడం, ముసలివాళ్ళు మూటలు పట్టుకుని వెనకాల ఉరకడం ఆమెకు గిట్టేది కాదు. ఒకరోజు జాలిగరిటె చేతిలో పట్టుకుని పోయి బస్సుకు అడ్డం నిలబడింది. "ఇంజన్‌కు బ్రేకున్నదా లేదా? ఉంటె గీడ ఆపు. లేకుంటె చెప్పు, ముసలోళ్ళను బండ మీద కూసోబెట్టి నీ బస్సును మేమే నూకుతం" అంది. డ్రైవర్ కిందికి దిగి దండం పెట్టాడు. ఆ తర్వాత ఆ డ్రైవర్ వచ్చినప్పుడల్లా ఆమె దగ్గరే మిర్చీలు తినేవాడు, ఆమె తిట్టకపోతే "ఇయ్యాల ఒంట్లె బాగలేదా అక్కా" అని అడిగేవాడు. అట్లాంటి మనిషిని శాంతమూర్తి అని రాయించినవాళ్ళెవరో ఆమెను చూసి ఉండరు, లేదా చూసీ చూసీ విసిగి, పోయాకైనా నోరు మూయించాలనుకుని ఉంటారు.

అత్తమ్మ అంటే మా బాపుకు, అంటే నాన్నకు అక్క, ఆయన అన్న పెద్దబాపుకు చెల్లె. పెళ్ళయిన కొన్నాళ్ళకే పుట్టింటికి వచ్చేసింది. ఎందుకో నేను రాయను. ఆయన పేరు ఆమె ఎత్తనిచ్చేది కాదు, ఇప్పుడు నేనెత్తితే ఊరుకోదు. వచ్చాక మస్కట్ వెళ్ళింది, ఒకళ్ళింట్లో వంటపనికి. మా దగ్గర ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. మగవాళ్ళు పోతే "పోరగాడు కష్టపడుతుండు" అంటారు. ఆడమనిషి పోతే అనే మాటలు వేరు. ఆమె అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ మాటలు ఇక్కడ తిరిగాయి. ఆమె సంపాదనతోనే మా రెండిళ్ళకూ స్లాబు పడింది, పెద్దబాపు పొలంలో బోరు పడింది. ఆ నీళ్ళతో పండిన బియ్యం తింటూనే ఆ మాటలు అన్నారు. ఆ అన్నవాళ్ళలో కొందరు పెద్దకర్మకు వచ్చి మాంసం ముక్కలు సరిపోలేదని అలిగారట.

నేను పోర్తోకు ఎంపికైనప్పుడు మాత్రం మా చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. "మంథని ముద్దుబిడ్డకు శుభాకాంక్షలు" అని నా ఫొటో, నా చుట్టూ నాకు తెలియని లీడరన్నల ఫొటోలు. నాకు సిగ్గుగానూ ఉంది, లోపల కాస్త సంతోషంగానూ ఉంది. అత్తమ్మను తీసుకుపోయి చూపించాను. ఆమె తలెత్తి చాలాసేపు చూసింది.

"మంచిగున్నదే" అంది. తర్వాత కొంగు సర్దుకుంది. "నేను పోయిననాడు తెల్లారకముందే బస్సెక్కిచ్చిండ్రు మీ పెద్దబాపు. ఎవలన్న సూస్తరని. నేనేమన్న దొంగతనానికి పోయిన్నా?"

ఆమె నా మీద ఈసుతో అనలేదు. నా మీద ఆమెకు ఈసు ఎప్పుడూ లేదు. కానీ కోపం ఉంది, చాలా పాత కోపం, దాన్ని దాచుకునే అలవాటు ఆమెకు లేదు. నా చదువు మీద కూడా ఇట్లాగే కసురుకునేది. "నేను వంట చేస్తె పనామె. నువ్వు చేస్తె సైన్సా?" అనేది. అని మళ్ళీ తనే, సర్వపిండి అడుగంటకుండా ఉండాలంటే మంట ఎట్లుండాలో, నువ్వులు ఎప్పుడు వేయాలో చెప్పి, "గిది రాసుకో, మీ సార్లకు చెప్పు" అనేది.

బయలుదేరే ముందు వారం నా పెట్టె సర్దింది అత్తమ్మే. మా అవ్వ, అంటే అమ్మ, పచ్చడి సీసాలకు గుడ్డ చుడుతుంటే ఈమె నాకు పాఠాలు చెప్పింది. మస్కట్ అనుభవమంతా నా నెత్తిన పోసింది. "ఎవలన్న మంచిగ మాట్లాడితె నువ్వు మంచిగ మాట్లాడు. కని పాస్‌పోర్ట్ మాత్రం ఇయ్యకు. దేవుడొచ్చి అడిగినా ఇయ్యకు." పాస్‌పోర్ట్ పెట్టుకోవడానికి గుడ్డ సంచి కుట్టింది, మెడలో వేసుకుని రవిక లోపల దాచుకునేట్టు. జీన్స్ మీదికి రవిక ఎక్కడిదని నేను నవ్వితే, "నవ్వు, నవ్వు. గది చేతులకెల్లి పోయిననాడు తెలుస్తది" అంది.

ఆ రోజే నానమ్మ పోయినప్పటి సంగతి చెప్పింది. అప్పటికి నేను పుట్టలేదు. ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడు అత్తమ్మ మస్కట్‌లో ఆ ఇంటి విందుకు వంట చేస్తోంది. తల్లి పోయిందని చెప్పి, పోతానని ఏడ్చిందట. పాస్‌పోర్ట్ ఆ ఇంటామె బీరువాలో ఉంది. విందయ్యాక చూద్దామంది ఆ ఇంటామె. విందయింది, తర్వాత కూడా చూడలేదు. "ఆ దినం ఎంతమందికి వండిన్నో యాదిలేదు. ఉప్పేసిన్నో లేదో యాదిలేదు. తిన్నోళ్ళు మాత్రం బాగుందన్నరు" అని చెప్పింది. చెప్పేటప్పుడు ఏడవలేదు. పెట్టె జిప్పు గట్టిగా లాగింది, అది తెగినంత పనైంది. తర్వాత నా వైపు తిరిగి, "పరాయి దేశంల ఏడుపొస్తది. ఏడువు, తప్పులేదు. కని తిని ఏడువు. ఆకలితోటి ఏడిస్తె ఆగదు" అంది.

ఈ పాఠాల ఫలితం ఏమిటంటే, పోర్తో విమానాశ్రయంలో అధికారి "ఎన్నాళ్ళుంటారు?" అని అడిగితే నేను, "ఒక సెమిస్టర్ సార్. ఏజెంటు ఎవరూ లేరు సార్. జీతం మాట్లాడుకోలేదు సార్" అని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. గల్ఫ్‌కు పోయేవాళ్ళకు మా దగ్గర నేర్పి పంపే జవాబులవి. ఆయన నన్ను ఒకసారి, నా కాలేజీ కాగితాలను ఒకసారి చూశాడు. నవ్వు ఆపుకుంటూ ముద్ర వేశాడు.

యూనివర్సిటీ ఆఫీసులో ఇంకో తమాషా. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ కాపీ తీయడానికి పాస్‌పోర్ట్ అడిగింది. ఇచ్చాను, కానీ వదల్లేదు. ఆమె ఒక అంచు పట్టుకుంది, నేను ఇంకో అంచు పట్టుకున్నాను. ఆమె మెల్లగా లాగింది, నేనూ మెల్లగా లాగాను. వెనక వరసలో ఉన్నవాళ్ళు చూస్తున్నారు. నాకు చెమటలు పట్టాయి. చివరికి వచ్చీరాని ఇంగ్లిష్‌లో మా అత్తమ్మ సంగతి చెప్పాను: వేరే దేశం, వేరే ఇల్లు, బీరువా. ఆవిడ చేయి తీసేసింది. కౌంటర్ తలుపు తెరిచి, నన్ను లోపలికి రమ్మని, కాపీ మిషన్ దగ్గరికి తీసుకుపోయి మూత ఎత్తి పట్టుకుంది. నేనే పాస్‌పోర్ట్ పెట్టాను, నేనే తీసుకున్నాను. ఈ సంగతి ఫోన్‌లో చెబితే అత్తమ్మ మురిసిపోయింది. "మంచిగ చేసినవు బిడ్డా. గా పెద్దామెకు నా దండాలు చెప్పు. గామె కూడ ఏదో ఇంట్ల కష్టాలు పడ్డదే ఉంటది, గందుకే అర్థమైంది" అంది. బస్టాండ్‌లో కనిపించిన ప్రతివాళ్ళకూ ఈ కథ చెప్పిందట.

ఆదివారాలు వీడియో కాల్ చేసేది. అంటే అన్నను కూర్చోబెట్టి చేయించేది. తను ఫోన్‌లో కనిపించేది కాదు, ఎప్పుడూ ఆమె చెవి మాత్రమే కనిపించేది, ఎంత చెప్పినా ఫోన్ చెవికి పెట్టుకునేది. "అక్కడ చాపలెట్లున్నయే?" అని చేపల గురించే మొదటి ప్రశ్న. అన్న ఫోన్ తీసుకుని ఆమె ఎదురుగా పట్టుకుంటే నేను దోరో నది చూపించాను, ఏటవాలు వీధులు చూపించాను, కిటికీల బయట తీగల మీద ఆరేసిన బట్టలు చూపించాను. బట్టలు చూసి ఆమెకు ఆ ఊరి మీద నమ్మకం కలిగింది. "మనలెక్కనే ఉన్నరు, వీధిల ఆరేసుకుంటుండ్రు" అంది. నేను అక్కడ తప్పిపోయిన సంగతి, పాఠాలు అర్థంకాక బాత్‌రూంలో ఏడ్చిన సంగతి అవ్వకు చెప్పలేదు, అత్తమ్మకు చెప్పాను. ఆమె ఓదార్చదు. "అడిగినవా? అడిగితె నోరు పోతదా?" అంటుంది. నేను మర్నాడు పోయి ప్రొఫెసర్‌ను అడిగాను. నోరు పోలేదు.

తర్వాత ఒక ఆదివారం కాల్ రాలేదు. నేను చేస్తే అవ్వ ఎత్తింది. "అత్తమ్మ వేములాడ గుడికి పోయింది" అంది. తర్వాతి ఆదివారం, "ఫోన్ ఖరాబయింది" అన్నారు. ఆ తర్వాత, "పండుకున్నది, లేపకు, దగ్గు లేసింది" అన్నారు. మా బాపుకు అబద్ధం చెప్పడం రాదు. అందుకని ఫోన్ ఆయన చేతికి ఇవ్వనే లేదు. నాకు అనుమానం రాకపోలేదు. వచ్చింది. అడిగాను కూడా, ఒకటికి నాలుగుసార్లు. "నువ్వు ఊకె పరేషాన్ కాకు, పరీక్షల మీద మనసు పెట్టు" అన్నారు. పరీక్షలు. మా ఇళ్ళలో ఆడపిల్ల నోరు మూయించడానికి ఇంతకంటే మర్యాదైన సాకు ఇంకోటి లేదు.

ఫ్లెక్సీ చూసిన వెంటనే క్యాంటీన్‌లోంచి బయటికి వచ్చి వానలో నిలబడి అన్నకు ఫోన్ చేశాను. ఏమన్నానో నాకే గుర్తులేదు, తెలుగులో అరుస్తుంటే గొడుగుల వాళ్ళు తప్పుకుని పోయారు. అన్న ఏడుస్తూ, "నాకేం తెల్వదే, చెప్పద్దన్నరు, నేను చెప్పలే" అన్నాడు. అవ్వకు చేశాను. ఊపిరి మాత్రమే వినిపించింది. చివరికి "పరీక్ష రాసి రా బిడ్డా" అంది. నేను ఫోన్ పెట్టేశాను. అవ్వ మాట పూర్తికాకుండా ఫోన్ పెట్టేయడం నా జన్మలో అదే మొదలు.

అన్నకు నా మీద జాలి కలిగిందో, తప్పు దిద్దుకుందామనుకున్నాడో గానీ, సాయంత్రం ఒక వీడియో పంపాడు. మూడోనాడు పిట్టకు పెట్టినప్పటిది.

మా దగ్గర మనిషి పోయిన మూడోనాడు ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతారు. కాకో ఇంకో పిట్టో వచ్చి ముట్టాలి. ముట్టేదాకా ఎవరూ ఎంగిలిపడరు. రాకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. అప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చి "గిది చేస్తం, గది చేస్తం, రా తల్లీ" అని మాటిస్తారు. ఏ మాటకు పిట్ట వస్తే అదే పోయినవాళ్ళ కోరిక. ఆ మాట తప్పకూడదు. బతికున్న మనిషికిచ్చిన మాట తప్పినా ఊరు క్షమిస్తుంది గానీ ఈ మాట తప్పితే క్షమించదు.

వీడియోలో గోదావరి ఒడ్డున ఇసుక, విస్తరి, దూరంగా మావాళ్ళు. పిట్ట రాలేదు. ఎవరో కల్లు పోయమన్నారు. పోశారు. బాపు ముందుకొచ్చి, "అక్కా, నీ బండి ఎవలకు అమ్మం" అన్నాడు. రాలేదు. ఎండ ముదిరినట్టుంది, పిల్లలు ఆకలికి గునుస్తున్నారు. అప్పుడు పెద్దబాపు ముందుకొచ్చాడు. చేతులు జోడించి, నిజంగానే ఏడుస్తూ అన్నాడు:

"చెల్లే, పిల్ల పరాయి దేశంల ఉన్నదని రంది పెట్టుకున్నవు. నాకెర్కనే. ఇగ పిల్లను ఎటూ పంపం. వచ్చినంక ఏడాది తిరగకముందే లగ్గం చేసి, మన పెద్దపల్లి కాడనే ఇస్త. నేను మాటిస్తున్న. ముట్టు తల్లీ."

కాకి వచ్చింది. ముద్దెత్తుకుపోయింది. అందరూ "అయ్యో, పిల్ల కోసమే కొట్టుకుంటుండె" అని ఏడ్చారు. ఆ ఏడుపు మధ్యలో "ఇగ తినుండ్రి" అన్న మాట కూడా వినబడింది.

నేను ఆ వీడియోను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. మనిషిని దాచినందుకు వచ్చిన కోపం ఒక ఎత్తు, ఇది ఇంకో ఎత్తు. నన్ను పంపడానికి ఇంట్లో అందరితో కొట్లాడిన మనిషి ఆమె. పెద్దబాపు వద్దంటే, "నువ్వు నన్ను దొంగలెక్క పంపినవు, దీన్ని దొరలెక్క పంపుత, సూడు" అన్న మనిషి. అక్కడే పై చదువుకు కూడా దరఖాస్తు పెట్టమని ప్రొఫెసర్ అన్నాడని నేను చెబితే, "పెట్టు. ఇంట్ల అడిగినంక పెడుతవా?" అని కసిరిన మనిషి. ఆమె నోరు మూతపడ్డ మూడోనాడే ఆమె నోట్లో ఆ మాట పెట్టారు. ఒక ఆకలిగొన్న కాకిని సాక్ష్యం తెచ్చారు. ఇది అన్యాయం. నాకు జరిగిందని కాదు, ఆమెకు జరిగిందని అంటున్నాను.

మర్నాడు పొద్దున చేపల మార్కెట్‌కు పోయి సార్డీన్ చేపలు తెచ్చాను. అవ్వ ఇచ్చిన కారం, చింతపండు వేసి పులుసు చేశాను. మెత్తగా అన్నం వండి, ప్లేటులో పెట్టి కిటికీ బయట రాతి గట్టు మీద ఉంచాను. అక్కడ సముద్రపు పక్షులు ఉంటాయి, తెల్లగా, బాతంత ఉంటాయి, ఎవరికీ భయపడవు. నేను చేతులు జోడించనైనా లేదు. ఒకటి వచ్చి చేప, అన్నం, సగం ప్లేటు కూడా మింగేసేటట్టు ఎగబడింది. నేను ఏ మాటా ఇవ్వలేదు. అడగనూ లేదు. ఇంకో రెండొచ్చి కొట్టుకున్నాయి. ప్లేటు కిందపడి పగిలింది.

కింది అంతస్తులో ఉండే ఇంటి యజమానురాలు పరుగెత్తుకొచ్చింది. నల్లబట్టలు కట్టుకునే ముసలావిడ, భర్త పోయి చాలా ఏళ్ళయిందట. ఆ పక్షులకు తిండి పెడితే ఇక కప్పు మీదే కాపురముంటాయని తిట్టింది. నేను ఏడుస్తూ చెప్పాను, మేనత్త, చనిపోయింది, మా ఆచారం. ఆవిడ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. నా తల మీద చేయి వేసింది. వేసి మళ్ళీ తిట్టింది, ఈసారి కొంచెం మెల్లగా. అత్తమ్మకు ఈవిడ నచ్చి ఉండేది.

ఆ తర్వాత తిన్నాను. తిని ఏడ్చాను. మిగిలిన పరీక్ష రాశాను. ఎట్లా రాశానో, ప్యాసయ్యాను.

ఇంటికి వచ్చేసరికి పెద్దపల్లి సంబంధం మాట నడుస్తోంది. వాళ్ళు మంచివాళ్ళేనట, ఆ అబ్బాయీ మంచివాడేనట. వాళ్ళతో నాకు తగాదా లేదు. నెల మాసికం నాడు చుట్టాలందరూ వచ్చారు. ఇంటి ముందు షామియానా వేసి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు కింద చాప మీద. పెద్దబాపు నన్ను పిలిచి అందరి ముందు చెప్పాడు, పెద్దపల్లివాళ్ళు వచ్చే నెల చూడవస్తారని.

"నేను ఈ ఏడు డిగ్రీ అయిపోగానే అక్కడికే దరఖాస్తు పెడుతున్న పెద్దబాపూ" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. నాకదే ఇంకా బాధగా అనిపించింది. ఎంతో దయగా, "నాదేం లేదు బిడ్డా. చచ్చిపోయినామెకు మాటిచ్చిన. ఆమె ఆత్మ కొట్టుకుంటె నువ్వు తట్టుకుంటవా?" అన్నాడు.

"అత్తమ్మ గట్ల ఎన్నడన్న అన్నదా?"

"నోటితోని చెప్పుకోలే. గందుకేగా నేను మాటిచ్చేదాక పిట్ట ముట్టలే."

నేను పోర్తోలో పిట్టకు పెట్టిన సంగతి చెప్పాను. మాట ఇవ్వకుండానే పక్షి వచ్చిందని చెప్పాను. కోరికే ఉంటే అక్కడెందుకు వెంటనే ముట్టింది, ఇక్కడెందుకు ఆగింది అని అడిగాను. ఎవరో నవ్వారు. "గా దేశపు పిట్టకు మన ముచ్చట ఎర్కనా?" అన్నాడు ఒక తాత. ఇంకొకాయన, "చాప పెడితె ఏదైనా వస్తది" అన్నాడు. కాకికి అన్నం పెడితే రాదా అని నేను అన్నాను. నేను ఏడుస్తున్నానని వాళ్ళకు అర్థమై ఇంకా దయగా చూశారు. బాపు తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. పోరాటం అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు అవ్వ వంటింట్లోంచి వచ్చింది. మా అవ్వ పెద్దబాపు ఎదుట మాట్లాడదు. ఆయన ఆమెకు బావ వరుస, భర్తకు అన్న. ఆయన వస్తే తల మీదికి కొంగు లాక్కుని తలుపు చాటుకు పోతుంది. చేతులు తడిగా ఉన్నాయి, కొంగుకు తుడుచుకుంది. షామియానా అంచున ఖాళీగా ఉన్న కుర్చీ ఒకటి లాగి, పెద్దబాపుకు ఎదురుగా వేసుకుని కూర్చుంది. చాప మీద ఆడవాళ్ళు మాటలాపారు.

"బావా, మీరు ఇచ్చిన మాట మీరు ఇచ్చిండ్రు. వదినె మాట గది కాదు" అంది.

పెద్దబాపు ఏదో అనబోయాడు.

"జర ఆగుండ్రి. దవాఖానల ఆమె పక్కన ఉన్నది నేను. మీరు బయట చాయ్ హోటల్ కాడ ఉండిరి. నా చెయ్యి పట్టుకొని చెప్పింది. 'పిల్లకు చెప్పకుండ్రి. చెప్తె వస్తది. వస్తె మీరు మళ్ళ పోనియ్యరు' అన్నది. నాతోని ఒట్టేయించుకున్నది. గా ఒట్టు కోసం నా కడుపుల పుట్టినదానికి ఇన్ని దినాలు అబద్ధం చెప్పిన. దాని ఏడుపు ఫోన్ల ఇనుకుంట నోరు మూసుకున్న. మీరు మాటిచ్చింది పిట్టకు. నేను మాటిచ్చింది మనిషికి, ఆమె బతికుండంగ. ఇప్పుడు మీరే చెప్పుండ్రి, ఏది తప్పాలె?"

పెద్దబాపు కళ్ళలో నీళ్ళు చూశాను. ఆయన చెల్లెలు తననే నమ్మలేదని, తన నుంచే పిల్లను దాచిందని అప్పుడు తెలిసినట్టుంది.

నాకు మాత్రం ఆ క్షణాన అత్తమ్మ మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. ఈ నాలుగు మాటలూ ఆమెను పొగుడుతూ రాయాలనే మొదలుపెట్టాను గానీ, నిజం రాయకపోతే నేనూ ఒక ఫ్లెక్సీ కట్టినట్టే. తల్లి పోతే రానీయలేదని జన్మంతా మండిపడిన మనిషి, తను పోతే నన్ను రాకుండా చేసింది. ఆ ఇంటామె బీరువాకు తాళం వేసింది, ఈమె అవ్వ నోటికి తాళం వేసింది. నా మంచికే. మంచికేనని నాకు తెలుసు. అయినా నన్ను అడగాల్సింది. నేను వచ్చి, ఆమె కాళ్ళు పట్టుకుని, మళ్ళీ అందరితో కొట్లాడి విమానం ఎక్కేదాన్ని. అంత బలం నాకుందని ఆమెకెందుకు తోచలేదు? నాకు కొట్లాట నేర్పింది ఆమే కదా. ఈ తగాదా మా ఇద్దరి మధ్యా తీరకుండానే ఉండిపోయింది. ఎదురుగా ఉంటే ఇద్దరం గట్టిగా అరుచుకుని, తర్వాత కలిసి తినేవాళ్ళం.

ఆ రోజు మధ్యాహ్నం దాటుతోంది. చుట్టాలు కూర్చున్నచోటే కదులుతున్నారు. పిల్లలు ఆకలంటున్నారు. మామూలుగా ఈపాటికి అవ్వ లేచి వడ్డన మొదలుపెట్టేది. లేవలేదు. "అందరికి ఆకలైతుంది. పెట్టుకోండ్రి" అంది, అంతే. చాప మీది ఆడవాళ్ళు లేవబోయి, ఆమె వైపు చూసి, మళ్ళీ కూర్చున్నారు.

కాసేపటికి పెద్దబాపు లేచాడు. భుజం మీది తువ్వాల నడుముకు చుట్టుకున్నాడు. గిన్నెల దగ్గరికి పోయి గరిటె తీసుకున్నాడు. అన్నం ఏ గిన్నెలో ఉందో, పప్పు ఏ గిన్నెలో ఉందో ఆయనకు తెలియదు. ఒక్కో మూతా తీస్తున్నాడు, ఆవిరికి మొహం పక్కకు తిప్పుకుంటున్నాడు, మళ్ళీ మూస్తున్నాడు. అవ్వ కుర్చీలోంచి చూస్తోంది. ఏ గిన్నెలో ఏముందో చెప్పలేదు.